పది లక్షల మూడు

నీలంపేట బడి పడమటి గది కప్పు ఎప్పుడు పడుతుందో తవిటమ్మ టీచరుకి తెలీదు. పడుతుందని మాత్రం తెలుసు. అది తెలుసుకోడానికి ఇంజనీరింగు చదవక్కర్లేదు, తలెత్తి చూస్తే చాలు. కప్పు నడుమ సిమెంటు రాలిపోయి తుప్పుపట్టిన ఇనప చువ్వలు బయటపడ్డాయి. బడి తెరిచిన మూడోరోజే, ఆవిడ నల్లబల్ల మీద భిన్నాలు చెబుతుంటే, కొబ్బరికాయంత పెచ్చు ఊడి ఇద్దరాడపిల్లల మధ్య పడింది. పిల్లలు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత పకపకా నవ్వారు. పిల్లలు కదా! తవిటమ్మ మాత్రం ఆ పూట పాఠం అక్కడే ఆపేసింది.

ఆ బడికి ఉన్నవి రెండే గదులు. తూర్పు గదిలో చిన్న తరగతులు, మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు, విరిగిన బల్లలు. పడమటి గదిలో పెద్దపిల్లలు, నలభైమందికి పైచిలుకు. పోనీ వరండాలో కూచోబెడదామంటే దాని మీదున్నదీ ఆ కప్పే. ఒకరోజు ఆవిడ గదికి తాళం వేసి పిల్లల్ని వేపచెట్టు కింద కూచోబెట్టింది. సరిగ్గా ఆ రోజే తనిఖీకి ఊడిపడ్డ పెద్దమనిషి, "వాడుకలో ఉన్న తరగతి గదికి తాళము వేయుట విధి నిర్వహణలో అలసత్వము" అని పుస్తకంలో రాశాడు. ఆ గది వాడుకలో లేదనిపించుకోవాలంటే కూల్చడానికి అనుమతి కాగితం ఉండాలట. కాగితం వచ్చేదాకా కప్పు బాగున్నట్టే లెక్క. ఆయన జీపెక్కాడో లేదో వాన మొదలైంది, పిల్లలు పలకలు నెత్తిన పెట్టుకుని మళ్ళీ ఆ కప్పు కిందికే పరిగెత్తారు.

అనుమతి ఇచ్చేది శిథిల కట్టడాల తొలగింపు అనుమతుల సంస్థ. దానికి జిల్లా కేంద్రంలో కొత్తగా కట్టిన అద్దాల మేడ ఉంది. తవిటమ్మ సెలవు పెట్టి, ఫొటోలు తీయించి, తాపీమేస్త్రి ఎర్రయ్య చేత "ఇది నిలవదు" అని వాంగ్మూలం రాయించి వేలిముద్ర వేయించి, అన్నీ ఓ కవర్లో పెట్టి పట్టుకెళ్ళింది. ఆ రోజు ఆఫీసులో పండగలా ఉంది. గుమ్మానికి మామిడాకులు, లోపల లడ్డూలు. పొద్దున్నే సంస్థకి పది లక్షలో దరఖాస్తు వచ్చిందట, దాన్ని పళ్ళెంలో పెట్టి పూలదండ వేశారు. ఆ హడావుడిలోనే తపాలా కిటికీ గుమస్తా లడ్డూ నములుతూ ఆవిడ దరఖాస్తు తీసుకుని, ఠపీమని ముద్ర కొట్టి రసీదు చేతిలో పెట్టాడు. నంబరు పది లక్షల మూడు.

"మూడు వారాల్లో వచ్చేస్తుంది మేడం," అన్నాడు. ఆవిడకీ ఓ లడ్డూ ఇచ్చాడు.

మూడు వారాలు కాదు, అయిదు వారాలైంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. తవిటమ్మ మళ్ళీ బస్సెక్కింది.

సూపరింటెండెంటు గవర్రాజు మంచి మనిషి. అంటే, కూచోండమ్మా అంటాడు, ఫ్యాను తనవైపు నుంచి కొంచెం ఇటు తిప్పుతాడు, పని మాత్రం చెయ్యడు. ఆవిడ రసీదు చూడగానే ఆయన మొహం ముడుచుకుంది.

"ఓహో, మీరేనా పది లక్షల మూడు! మీ గురించి మా ఆఫీసంతా అనుకుంటోంది."

"నా గురించి అనుకోడానికేముందండీ? కూలిపోయే కప్పు గురించి అనుకోండి."

"అమ్మా, కప్పు సంగతి తర్వాత. ముందు మీ నంబరు సంగతి చూడాలి." గవర్రాజు గొంతు సవరించుకున్నాడు. "మా కొత్త డైరెక్టరు గారు వచ్చిన దగ్గర్నుంచి ఇక్కడ నిశ్శేష పరిపాలన అమల్లో ఉంది. తమకి తెలిసే ఉంటుంది."

తమకి తెలీదు. గవర్రాజు వివరించాడు. పూర్వం ఫైలు ఏ గుమస్తా దగ్గరికెళ్ళాలో మనుషులు నిర్ణయించేవారు. మనుషులన్నాక చుట్టాలుంటారు, పక్కాలుంటారు, కవర్లు మారుతుంటాయి. డైరెక్టరు గారు ఈ దరిద్రాన్ని ఒక్క ఉత్తర్వుతో ఊడ్చిపారేశారు. ఆఫీసులో సీట్లకి రెండు నుంచి పది దాకా నంబర్లు వేశారు. ఏ ఫైలు నంబరుని ఏ సీటు నంబరు శేషం లేకుండా భాగిస్తుందో ఆ ఫైలు ఆ సీటుకి వెళ్తుంది. రెండు మూడు సీట్లు భాగిస్తే అందరూ సంతకాలు పెడతారు. ఇష్టాయిష్టాల్లేవు, సిఫార్సుల్లేవు. సంఖ్యకి కులం లేదు, సంఖ్య లంచం తినదు. ఈ మాటని రంగు అక్షరాల్లో రాయించి గోడకి కూడా తగిలించారు.

"పది లక్షలో ఫైలుందే, ఎంత చక్కటి నంబరు! రెండు, నాలుగు, అయిదు, ఎనిమిది, పది, అయిదు సీట్లూ భాగించాయి. నేను పెడతానంటే నేను పెడతానని సంతకాల కోసం కొట్టుకున్నారు. ఆ తర్వాతది, పది లక్షల ఒకటి. అది కాస్త ఇబ్బంది పెట్టింది. ఏ సీటూ భాగించలేదు. కానీ అది ఒక పెద్దాయన బావమరిది గారి సినిమాహాలు తాలూకు. కంప్యూటర్లో వెతికితే నూటొకటితో పోతుందని తేలింది. వెంటనే నూటొకటో సీటు సృష్టించాం. అదిగో, మెట్ల కింద."

మెట్ల కింద ఒకాయన ఖాళీ బల్ల ముందు కూచుని కునికిపాట్లు పడుతున్నాడు.

"పది లక్షల రెండు, రెండుకీ మూడుకీ ఆరుకీ వెళ్ళింది. మీ తర్వాతది పది లక్షల నాలుగు, ఎవరిదో కోళ్ళ షెడ్డు. రెండో సీటు, నాలుగో సీటు, మూడు రోజుల్లో అనుమతి ఇచ్చేశాం. షెడ్డు తీసేశారు కూడాను. మీదే అమ్మా, మొండి నంబరు! రెండుతో కొట్టాం, మూడుతో కొట్టాం, ఏడుతో కొడితే నాలుగు మిగుల్తోంది. మీరు తపాలా కిటికీ దగ్గర ఒక్క నిమిషం ఆగి ఆ కోళ్ళాయన్ని ముందు పోనిచ్చుంటే ఈ అవస్థ ఉండేదా చెప్పండి?"

తవిటమ్మ ముప్పయ్యేళ్ళుగా లెక్కలు చెబుతున్న మనిషి. కాగితం మీద రెండు నిమిషాలు ఏదో గీసింది, తలెత్తింది.

"అది ప్రధాన సంఖ్యండీ. ఒకటితోనూ తనతోనూ తప్ప ఇంక దేనితోనూ పోదు. ఆరో తరగతి పాఠం. మీరు ఎన్ని సీట్లు వేసినా పోదు."

"ఆ మాట మీరంటే సరిపోదమ్మా."

"పోనీ, ఒకటితో పోతుంది కదా. ఒకటో సీటుకి పంపండి."

గవర్రాజు చటుక్కున అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఒకటో సీటు డైరెక్టరు గారిది. ఒకటి అన్నిటినీ భాగిస్తుంది కాబట్టి ఫైళ్ళన్నీ ఆయన మీద పడే ప్రమాదముందని ఆయనే ముందుగా గ్రహించి, సదరు సీటుని నిబంధన నుంచి మినహాయించుకున్నారు. అది పర్యవేక్షణ నిమిత్తం మాత్రమే."

"అయితే ఈ దరఖాస్తు వెనక్కిచ్చెయ్యండి, మళ్ళీ పెట్టుకుంటాను. కొత్త నంబరు పడుతుంది."

"ఒకే కట్టడానికి రెండు దరఖాస్తులా? నేరం మేడం! ఏడాది పాటు ఆ కట్టడానికి అనుమతి అడిగే హక్కు పోతుంది." ఆయన నిజంగానే జాలిపడ్డాడు. "మీరు ఆడవారు, పైగా గురువులు, కనుక చెబుతున్నాను. ముందు ఈ సంఖ్య దేనితోనూ భాగింపబడదని ధ్రువపత్రం తెచ్చుకోండి. అప్పుడు ఆలోచిద్దాం."

ధ్రువపత్రం ఎక్కడిస్తారంటే, ఇక్కడే ఇస్తారు. అందుకో సంఘం వేశారు. సంఘంలో ముగ్గురు. ఒకాయన భాగాహారం చేస్తాడు, రెండో ఆయన సరిచూస్తాడు, మూడో ఆయన శేషం దగ్గర ముద్ర వేస్తాడు. పదకొండు నుంచి మొదలుపెట్టి పది లక్షల రెండు దాకా ప్రతి సంఖ్యతోనూ భాగించి చూడాలి. రోజుకి పది భాగాహారాలు. కంప్యూటరు ఉంది కదా, మొన్న బావమరిది గారి కోసం వెతికారు కదా అని తవిటమ్మ అడిగితే, అది అత్యవసర ప్రజాప్రయోజనం కింద జరిగిందన్నారు.

తవిటమ్మ అక్కడే నిలబడి నోటితో లెక్క కట్టింది. "అయ్యా, రోజుకి పది చొప్పున లక్ష రోజులు. రెండు వందల డెబ్బై మూడేళ్ళు దాటుతుంది. అదీ ఆదివారాలు కూడా పనిచేస్తే. మీ పండగలూ పబ్బాలూ తీసేస్తే నాలుగు వందలేళ్ళు."

"పని నాణ్యతలో రాజీపడం మేడం," అన్నాడు ముద్ర వేసేవాడు.

"అంతెందుకండీ! వెయ్యి దాకా చూస్తే చాలు. వెయ్యి వెయ్యిలు పది లక్షలు కదా. ఆ పైన ఒక సంఖ్య దీన్ని భాగిస్తే, దాని జోడీ కిందనే ఎక్కడో దొరికిపోయి ఉంటుంది. వెయ్యి దాకా కూడా అన్నీ అక్కర్లేదు, ప్రధాన సంఖ్యలు చూస్తే చాలు. నూట అరవై ఎనిమిది ఉంటాయి. ఇవ్వండి, సాయంత్రంలోగా నేనే చేసి ఇచ్చేస్తాను."

సరిచూసేవాడు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "మేడం, పిల్లలకి చదువు చెప్పేవారు మీరు. మీరే అడ్డదారులు చెబితే ఎలాగండీ? వెయ్యి దాకా చూసి ఆపేస్తే, రేపు ఆడిటు వాళ్ళొచ్చి వెయ్యిన్నొకటి ఎందుకు చూడలేదంటే మా మెడకి చుట్టుకోదూ?"

"పోదని లెక్క చెబుతోంది కదండీ!"

"లెక్క చెబుతుంది. ఉత్తర్వు చెప్పాలి కదా."

చెవిటివాడి ముందు శంఖం ఊదితే కనీసం ఊదేవాడికి ఊపిరన్నా తెలుస్తుంది. తవిటమ్మకి ఆ తృప్తి కూడా దక్కలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూచుని దారంతా తనలో తనే తిట్టుకుంటూ వెళ్ళింది. వాళ్ళనే కాదు, ఆ రోజు కిటికీ దగ్గర తీసుకున్న లడ్డూని కూడా తిట్టింది.

ఆ వారంలోనే రెండో పెచ్చు పడింది. ఈసారి తిరగలి రాయంత. అయిదో వరసలో కిటికీ పక్క బల్ల రెండు ముక్కలైంది. ఆ బల్ల మీద కూచునే నూకాలు అనే పిల్ల ఆ రోజు జ్వరమొచ్చి రాలేదు. ఎవరికో జ్వరమొచ్చిందని తవిటమ్మ జన్మలో సంతోషించింది ఆ ఒక్కసారే. సాయంత్రం బడి కమిటీ చైర్మను సింహాద్రి వచ్చి ఆ ముక్కలు చూశాడు. కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఏటి టీచరమ్మా ఇది! పిల్లల్ని సదువుకి పంపుతున్నామా, సావుకి పంపుతున్నామా? మీరు సెప్పండి, రేపే గునపాలట్టుకొచ్చి కూలగొట్టేత్తాం."

"ఒక్క వారం ఆగు సింహాద్రీ. ప్రభుత్వ ఆస్తి, ముట్టుకుంటే మీ మీద కేసులు పెడతారు. సోమవారం డైరెక్టరు గారు జనాన్ని కలుస్తారట. ఆయన చదువుకున్నాయన, ఆయనకి చెబుతాను."

ఆ వారం పిల్లలందర్నీ తూర్పు గదిలోకి కుక్కింది. బియ్యం బస్తాల మీద ఎక్కి కూచున్న వాళ్ళు కొందరు, గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడ్డ వాళ్ళు కొందరు. దాని మీదా మెమో వచ్చింది: ఆహార ధాన్యాలపై విద్యార్థులను కూర్చుండబెట్టుట.

డైరెక్టరు గారు చదువుకున్నాయనే. మనిషి తెల్లగా, చొక్కా ఇంకా తెల్లగా ఉన్నాడు. తవిటమ్మ విరిగిన బల్ల ఫొటో బల్ల మీద పెట్టింది. ఆయన ఫొటో వంక చూడలేదు. రసీదు చేతిలోకి తీసుకుని నంబరు చూసి, కొత్త బొమ్మ దొరికిన పిల్లాడిలా మురిసిపోయాడు.

"అద్భుతం! అమ్మా, మీరొక ఫిర్యాదు తీసుకురాలేదు. మా విధానానికి ఒక పరీక్ష తీసుకొచ్చారు. ప్రధాన సంఖ్య! దీన్ని ఏది భాగిస్తుందన్నారు?"

"ఒకటి, లేకపోతే అదే. సార్, కప్పు..."

"అదే! తనని తానే భాగించుకుంటుంది. అంటే ఈ ఫైలు వెళ్ళవలసిన సీటు ఏది? పది లక్షల మూడో సీటు! గవర్రాజు గారూ, విధానం విఫలం కాలేదు. మనం తగినన్ని కుర్చీలు వేయలేదు, అంతే. ఆ సీటు వెంటనే ఏర్పాటు చేయండి."

గవర్రాజు వినయంగా వంగాడు. "చిత్తం సార్. అయితే ఆర్థిక విభాగం వారు ఒక చిన్న ఆక్షేపణ చేయవచ్చు. మనకి పది దాకా సీట్లున్నాయి, మధ్యలో నూటొకటి ఉంది. తక్కినవి లేకుండా పది లక్షల మూడుకి వెళితే, నడుమనున్న తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై ఒక్క సీట్లు ఏమయ్యాయని అడుగుతారు."

"వాటిని ఖాళీ పోస్టులుగా చూపండి."

చూపారు. ఆ మర్నాటికల్లా రాష్ట్రంలో ఇంకే శాఖలోనూ లేనన్ని ఖాళీలు ఆ సంస్థలో తేలాయి. ఆ సంగతి ఎలాగో బయటికి పొక్కి, డిగ్రీలు చదివిన కుర్రాళ్ళు సర్టిఫికెట్లు పట్టుకుని అద్దాల మేడ చుట్టూ వరసకట్టారు. వాళ్ళ దరఖాస్తులకీ నంబర్లు వేశారు, వాటినీ రెండుతో మూడుతో భాగించి సీట్లకి పంచారు. పాపం, ఆ పిల్లల్లో ఒక్కడికీ ఎవరూ నిజం చెప్పలేదు. పేపర్లో మాత్రం, సంస్కరణల బాటలో సంస్థ, అని డైరెక్టరు గారి ఫొటోతో వచ్చింది.

ఇక ఆ సీట్లో ఎవర్ని కూచోబెట్టాలన్న ప్రశ్న. అందులోనూ డైరెక్టరు గారిదే తర్కం. సంఖ్య తనని తానే భాగించుకుంటోంది కాబట్టి ఫైలు తాలూకు మనిషే ఆ ఫైలుని పరిష్కరించాలి. తవిటమ్మ టీచర్ని పది లక్షల మూడో సీటుకి గౌరవ ప్రత్యేకాధికారిగా వేస్తూ ఉత్తర్వు వచ్చింది. వారానికి రెండు రోజులు హాజరు కావాలి. జీతం లేదు, గౌరవం మాత్రమే.

తవిటమ్మకి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఆశ పుట్టింది. వీళ్ళ పిచ్చిలో నుంచే పని జరిగేట్టుందే అనుకుంది. సంతకం పెట్టేది తనే అయితే ఇంకేం కావాలి! గురువారం పొద్దున్నే వెళ్ళింది. సైకిల్ స్టాండు పక్కన రేకుల నీడలో ఒక బల్ల, కుర్చీ వేసి ఉన్నాయి. బల్ల మీద బోర్డు మీద పది లక్షల మూడు అని పెయింటుతో రాసి ఉంది, ఇంకా తడి ఆరలేదు. అటెండరు ఫైలు తెచ్చి ఎదట పెట్టి సలాం కొట్టాడు. తన దరఖాస్తు, తన ఫొటోలు, ఎర్రయ్య వేలిముద్ర, అన్నీ ఉన్నాయి. తవిటమ్మ కలం తీసి పెద్ద అక్షరాలతో "అనుమతించడమైనది" అని రాసి సంతకం చేసింది. లేచి బస్సు వేళ కనుక్కుంది కూడాను.

గంటలో ఫైలు తిరిగొచ్చింది. వెనకే గవర్రాజు వచ్చాడు.

"అమ్మా, ఎంత పని చేశారు! దరఖాస్తుదారు, అనుమతించు అధికారి, ఇద్దరూ ఒకరే. స్వప్రయోజనం. సర్వీసు నిబంధనలు ఒప్పుకోవు."

"మరి నన్నెందుకు కూచోబెట్టారు ఇక్కడ?"

"నంబరు వల్ల."

"అయితే నేను లేస్తాను. ఇంకెవరినన్నా కూచోబెట్టి సంతకం పెట్టించండి."

"ఇన్‌ఛార్జిని వేయాలంటే ఆ సీటు నంబరుని భాగించే సీటు వారిని వేయాలి. మీ సీటుని భాగించే సీటు లేదు కదమ్మా. మీకన్నా బాగా ఎవరికి తెలుసు?"

"అంటే నేను పెట్టకూడదు, ఇంకెవరూ పెట్టలేరు."

"క్లుప్తంగా చెప్పాలంటే అంతే," అన్నాడు గవర్రాజు. ఆయన మొహంలో, చిక్కుముడి విప్పకపోయినా అది ఎంత గట్టిదో తెలుసుకున్న మనిషి సంతోషం ఉంది. "కానీ మేడం, మీరు రావడం మానకండి. మంగళ, గురువారాలు హాజరు కాకపోతే సంజాయిషీ అడుగుతారు."

తవిటమ్మ బల్ల మీది ఫైలు మూసేసింది. ఒళ్ళు మండిపోయింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. వీళ్ళు అంతకన్నా ఘనులు, ఆ మంటలో ఎన్ని నాలికలున్నాయో లెక్కపెట్టి రసీదిస్తారు. ఇన్నాళ్ళూ తను వీళ్ళ దగ్గర లెక్క తప్పిందనుకుంది, తను చక్కగా చెబితే దిద్దుకుంటారనుకుంది. లెక్క ఎక్కడా తప్పలేదు. భాగాహారాలన్నీ ఒప్పే. పిల్లలు ఆ లెక్కలో ఎక్కడా లేరు, అంతే. అది అర్థమయ్యాక ఆవిడకి భయం కూడా పోయింది.

వాయుగుండం, మూడు రోజుల్లో భారీ వర్షాలు అని రేడియోలో చెబుతున్నారు. ఆవిడ ఊరికి చేరి తిన్నగా సింహాద్రి ఇంటికెళ్ళింది.

"ఆదివారం పొద్దున్నే ఎర్రయ్యనీ, మనుషుల్నీ తీసుకురా. పిల్లలొక్కరూ ఆ చుట్టుపక్కల ఉండకూడదు."

"మరి కేసులన్నారు కదమ్మా?"

"మీ మీద రావు. నేను రాసిస్తాను."

బడి ఉత్తర్వుల పుస్తకంలో రాసింది. పడమటి గది కప్పు పిల్లల ప్రాణాలకి ముప్పు గనక నా బాధ్యత మీద తొలగించమని చెప్పాను, నేను చెప్పగా గ్రామస్థులు చేశారు, తప్పయితే నాది. తేదీ వేసి సంతకం పెట్టింది.

ఆదివారం నాడు పన్నెండుమంది వచ్చారు. పొద్దుగూకేదాకా పని పడుతుందని వెంట అన్నం మూటలు తెచ్చుకున్నారు. ఎర్రయ్య తాళ్ళు కట్టించి, అందర్నీ దూరంగా నిలబెట్టి, బయట గోడ మీద నుంచి సమ్మెటతో కప్పు అంచు మీద కొట్టాడు. ఒకటి, రెండు. మూడో దెబ్బ వెయ్యడానికి సమ్మెట ఎత్తాడు, దించనేలేదు. కప్పంతా ఒక్కసారిగా దబ్బుమని కూలిపోయింది. వరండా కూడా దాంతోపాటే వెళ్ళిపోయింది. దుమ్ము అణిగాక ఎర్రయ్య దిగొచ్చి, ఒక ఇనప చువ్వ చేతిలోకి తీసుకుని నలిపాడు. ఎర్రటి పొడి రాలింది.

"రెండే దెబ్బలు టీచరమ్మా," అన్నాడు. "నా మనవరాలు దీని కిందే కూకుంటాది."

సింహాద్రి నేల మీద చతికిలబడి ఏడ్చాడు. అన్నం మూటలు ఎవరూ విప్పలేదు.

సోమవారం వాన పడింది, మంగళవారం పడింది, బుధవారం ఊళ్ళో వీధులన్నీ ఏరులైపోయాయి. ఊరివాళ్ళు బడి ఆవరణలో వాసాలు పాతి, మందపాటి టార్పాలిన్లు బిగించి కట్టారు. దాని కింద బడి జరుగుతోంది. చినుకుల చప్పుడుకి పాఠం సరిగ్గా వినపడక, పిల్లలు ఎక్కాలు గట్టిగా అరిచి చెబుతున్నారు.

శుక్రవారం నాడు వాన కాస్త తెరిపిచ్చాక జీపు వచ్చింది. గవర్రాజు గొడుగు పట్టుకుని, బురదలో ఆచితూచి అడుగులేసుకుంటూ వచ్చాడు. చేతిలో ఫైలుంది, దాన్ని ప్లాస్టిక్ కవర్లో భద్రంగా చుట్టారు. అనుమతి లేకుండా ప్రభుత్వ ఆస్తిని ధ్వంసం చేసినందుకు, గౌరవ ప్రత్యేకాధికారిగా మంగళవారం హాజరు కానందుకు, విద్యాశాఖ తరఫున తవిటమ్మ టీచర్ని తక్షణం సస్పెండు చేస్తూ ఉత్తర్వు. నాలుగు పేజీలు, ప్రతి పేజీ మీదా ముద్రలు.

"నాకు చాలా బాధగా ఉందమ్మా," అన్నాడు గవర్రాజు. ఆ మాట అంటూనే ఆగలేకపోయాడు. "కానీ ఒక్క విషయం చెప్పాలి. మా సంస్థ చరిత్రలో ఇంత వేగంగా కదిలిన ఫైలు లేదు. నిన్న పదిన్నరకి నంబరు పడింది. పది లక్షల నాలుగు వందల నలభై. ఎంత నంబరండీ! రెండు దగ్గర్నుంచి పది దాకా తొమ్మిది సీట్లూ భాగించాయి, ఏ సీటుకీ శేషం లేదు! తొమ్మిదిమందీ నేను ముందంటే నేను ముందని సంతకాలు పెట్టారు. టీ వేళకి అయిపోయింది."

తవిటమ్మ మనసులో భాగించి చూసుకుంది. నిజమే, ఏడుతో కూడా పోతోంది. ఆవిడకి నవ్వొచ్చింది, అది నవ్వులా లేదు.

"పిల్లల ప్రాణాలు కాపాడండి బాబూ అంటే మీలో ఒక్కడికీ అది చెందలేదు. కాపాడినదాన్ని శిక్షించాలనేసరికి తొమ్మిదిమందికీ చెందింది. సిగ్గుగా లేదుటండీ మీకు?"

"అది నంబరు మహిమ మేడం. మనుషుల తప్పు ఎంతమాత్రం కాదు." ఆయన చిన్నబుచ్చుకున్నాడు. కవరులోంచి ఇంకో కాగితం తీశాడు. "ఛార్జి అప్పగించేముందు ఈ పూట హాజరు వేసి, సంఖ్య కింద సంతకం పెట్టమన్నారు. అప్పగించిన విద్యార్థుల సంఖ్య అనే గడి ఉంది, అందులో రాయాలి."

తవిటమ్మ పడమటి గది పిల్లల హాజరు పట్టీ తీసుకుని టార్పాలిను కిందికి వెళ్ళింది. పేరుపేరునా పిలిచింది. ఈ వేళప్పుడు ఎందుకు పిలుస్తోందో పిల్లలకి తెలీదు, వంతులవారీగా ప్రెజెంట్ టీచర్ అని అరిచారు. నూకాలు లేచి నిలబడి మరీ అరిచింది. ఆవిడ ఒక్కో పేరు ఎదటా చుక్క పెడుతూ, కింద దాకా వెళ్ళి, మళ్ళీ పైనుంచి వేలు పెట్టి లెక్క చూసుకుంది. పట్టీలో ఎన్ని పేర్లున్నాయో అన్నీ పలికాయి.

"ఎంతమందమ్మా?" గవర్రాజు గొడుగు కింద నుంచే అడిగాడు.

"నలభై మూడు. ఒక్కరూ తగ్గలేదు."

అదీ ఏ సీటూ భాగించలేని సంఖ్యే. ఆయన కాగితం ఆవిడ చేతికిచ్చాడు. తవిటమ్మ గడిలో నలభై మూడు అని రాసి, కింద సంతకం పెట్టింది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది.